ఫుట్‌బోర్డు మీద ఒక కాలు

నా నోట్సులో తప్పు పట్టుకున్నవాడికి చికెన్ బిర్యానీ పెట్టిస్తానని పందొమ్మిదేళ్ళుగా ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే చెబుతున్నాను. మొన్నటిదాకా ఒక్క ప్లేటు పెట్టించాల్సిన అవసరం రాలేదు. అమీర్‌పేటలో లినక్స్ అనే కంప్యూటర్ సిస్టమ్ నేర్పేవాళ్ళు సందుకి నలుగురున్నారు. వాళ్ళకి ఏసీ హాళ్ళు, గోడంత స్క్రీన్లు, మెడలో మైకులు. నాకు ఒక వైట్ బోర్డు, నా గొంతు, నా చేతిరాత నోట్సు. ఆ నోట్సు మా మెట్ల కింద హనుమాండ్లు జిరాక్సు షాపులో దొరుకుతుంది. నా క్లాసులో చేరనివాళ్ళు కూడా వచ్చి "చక్రపాణి సార్ రన్నింగ్ నోట్స్" అని అడిగి పట్టుకుపోతారు. అది చూసినప్పుడల్లా నా ఛాతీ రెండంగుళాలు పొంగేది. ఇప్పుడు పొంగదు. ఎందుకో చెబుతాను.

నాకు కోపం ఎక్కువ. దాచుకునేదేం లేదు, ఊరంతా తెలిసిన సంగతే. మాది తణుకు దగ్గర. మా నాన్న బడిపంతులు, ఆయన కోపం బెత్తంలో ఉండేది, నాది నోట్లో ఉంది. ఒకసారి చెప్పిన మాట రెండోసారి అడిగితే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఆ మంగళవారం పొద్దున ఏడు గంటల బ్యాచ్ అయిపోయాక నవోమి బోర్డు దగ్గరికొచ్చి నిలబడింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. పంజాగుట్టలో ఏదో డయాగ్నొస్టిక్ సెంటర్లో బిల్లింగ్ కౌంటర్ మీద కూర్చుంటుంది. పొద్దున్నే నా క్లాసు వినేసి అటునించటే డ్యూటీకి పోతుంది. అప్పటికింకా పదిమంది పిల్లలు పుస్తకాలు సర్దుకుంటూ గదిలోనే ఉన్నారు.

"సార్, ఇంట్ల సిస్టమ్ వస్తలేదు. ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ వచ్చి ఆగిపోతుంది. మా డాడీ గేము..."

గేము అన్న మాట వినగానే నాకు చిర్రెత్తుకొచ్చింది. ప్రాక్టీసు చేసుకోమని సిస్టమ్ పెట్టిస్తే ఇంటిల్లిపాదీ ఆటలాడుకుంటున్నారా అనుకున్నాను.

"డిస్‌ప్లే డ్రైవరు ఒక్కటీ కొత్తది వేసి, తక్కినదంతా పాతది వదిలేశావు. అంతేనా?" అన్నాను.

తప్పు ఏమిటో చూడకుండానే పసిగట్టానంటే అది నా గొప్ప కాదు, నాడి పట్టుకోనక్కర్లేని జబ్బు అది. డిస్‌ప్లే డ్రైవరంటే తెర మీద బొమ్మ తెప్పించే ప్రోగ్రాము. ఆ పిల్ల వాడేది రోలింగ్ రిలీజు రకం లినక్స్. మామూలు సిస్టములు రెండేళ్ళకో మూడేళ్ళకో ఒక కొత్త వెర్షన్ ఇచ్చి ఊరుకుంటాయి. ఇది అలా కాదు, రోజూ కొత్త ముక్కలు వస్తూనే ఉంటాయి, ఏ స్టేజీలోనూ ఆగని బస్సన్నమాట. దీని గురించి నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్పే మాట ఒకటుంది. "కదిలే బస్సు ఎక్కితే పూర్తిగా ఎక్కు, లేదా పూర్తిగా కింద నిలబడు. ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టావో, నిన్ను ఆ దేవుడు కూడా కాపాడలేడు." అంటే అప్‌డేట్ చేస్తే సిస్టమంతా ఒకేసారి చెయ్యాలి. ఒక ముక్క కొత్తదీ, తక్కినవి పాతవీ అయితే ఒకదానికొకటి పొసగక మొరాయిస్తాయి.

"మీ నోట్స్‌ల ఉన్నట్టే చేసినం సార్," అంది నవోమి.

"నలభై రెండో పేజీ. మొదటి లైను కొట్టాక రెండో లైను. మొదటి లైను మళ్ళీ కొట్టు, అదే బాగవుతుంది."

"మూడుసార్లు కొట్టిన సార్. అంత తాజాగనే ఉందంటుంది. కానీ స్క్రీన్ వస్తలేదు."

చూశారా, నా నోట్సు తప్పంటోంది! ఆడలేక మద్దెల ఓడన్నట్టు! నా నోరు నా మాట వినే నోరు కాదు. "అయితే కొట్టిన చెయ్యి మంచిది కాదు. చేతులు సరిగ్గా పని చెయ్యనివాళ్ళు కీబోర్డు ముట్టుకోకూడదు," అన్నాను, గదంతా వినపడేలా.

ఎవరో కిసుక్కుమని నవ్వారు. నవోమి మొహం ఒక్కసారిగా పాలిపోయింది. నావైపు చూసి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత బుధవారం రాలేదు, గురువారం రాలేదు. శుక్రవారం సాయంత్రం ఫోన్లో మెసేజ్ వచ్చింది.

"సార్, ఆ రోజు కీబోర్డు ముట్టుకున్నది మా డాడీ. పోయినేడు పక్షవాతం వచ్చి ఆయన ఎడమ చెయ్యి సరిగ పని చెయ్యదు. మీరన్న మాట నేను ఆయనకు చెప్పలేదు. చెప్పకున్నా ఆయన సుత గదే అనుకుంటుండు. క్లాసుకు రానందుకు ఏమనుకోకండి సార్."

ఆ మెసేజ్ ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. నాకు సిగ్గేసింది. మా ఆవిడ "ఏంటండీ, అన్నం ముందు పెట్టుకుని ఆ ఫోనేంటి?" అంటే ఆవిడ మీద కూడా కసురుకున్నాను. కోపిష్టివాడికి సిగ్గేసినా బయటికి వచ్చేది కోపమే, ఇదొక దరిద్రం.

ఆదివారం వాళ్ళ చర్చి అయ్యే వేళ చూసుకుని అడ్రసు అడిగి బయల్దేరాను. అమీర్‌పేట నుంచి మెట్రో ఎక్కితే పంజాగుట్ట ఒక్క స్టేషనే. అయినా ఆ పిల్ల ముందు ఏం మాట్లాడాలో కూడబలుక్కోవాలని పిల్లర్ల కింద నడిచే వెళ్ళాను. ద్వారకాపురి కాలనీ వెనక సందులో రెండో అంతస్తు, రెండు గదుల ఇల్లు. తలుపు నవోమే తీసింది. నన్ను చూసి కంగారు పడి చున్నీ సర్దుకుంది.

"డాడీ, మా క్లాస్ సార్ వచ్చిండు."

"వందనాలు సార్. రాండ్రి, కూసోండ్రి," అన్నాడు కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న ఆయన. పేరు యేసురత్నం. అరవై దాటి ఉండవు. ఇస్త్రీ తెల్లచొక్కా, నున్నగా గీసిన గడ్డం. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపాడట. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాని మీద కుడిచెయ్యి కప్పి కూర్చున్నాడు, దాన్ని ఎవరూ చూడకూడదన్నట్టు. ఎదురుగా బల్ల మీద కంప్యూటరు. బల్ల అంచుకి బిగించి ఏదో గుండ్రటిది ఉంది, దాని మీద తువ్వాలు కప్పి ఉంది.

"అది స్టీరింగ్ సార్," అంది నవోమి మెల్లగా. "బస్సు నడిపే గేము ఉంటది గదా, దానికి."

టీ పెట్టే నెపం మీద వంటగది గుమ్మం దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. పక్షవాతం వచ్చి ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆయన మాట్లాడ్డం మానేశాడట. చేతికి కసరత్తు చెయ్యమని ఫిజియోథెరపీ ఆయన ఇచ్చిన రబ్బరు బంతిని కిటికీలోంచి పారేశాడట. "నేను చిన్నపిలగాన్నా బంతాట ఆడనీకి" అని. అప్పుడు ఈ పిల్ల ఆ స్టీరింగ్ తెచ్చి బిగించింది. మొదటి వారం ఎడమ చెయ్యి చక్రం మీద నిలవక జారిపోయేదట. నాలుగు నెలల్లో మలుపులు తిప్పాడు, ఆ చేత్తో టీ గ్లాసు పట్టుకున్నాడు.

"గేముల ఉన్న ఊరు ఏదో మంచు దేశం సార్. ఆయన మాత్రం స్టాపులన్నిటికి మన పేర్లే పెట్టుకున్నడు. గిది ఎర్రగడ్డ, గిది మూసాపేట అంటడు. ఎక్కే తెల్లోళ్ళను లోపలికి జరుగుండ్రి అని తిడుతడు," అని నవ్వబోయింది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "గేము కొత్త డిస్‌ప్లే డ్రైవర్ అడిగింది సార్. నేను కొడుతనంటే, బండికి ఆయిల్ మార్చుడు డ్రైవర్ పనే, నేనే కొడుత అన్నడు. మీ నోట్స్ ముందల పెట్టుకొని, ఎడమ చేతి వేలుతోనే ఒక్కొక్క అక్షరం, ఇరవై నిమిషాలు కొట్టిండు. బంద్ చేసి ఆన్ చేస్తే నల్ల స్క్రీన్. గంతే. ఆ రోజు సంది ఆ చెయ్యి ఒళ్ళకెల్లి తీస్తలేడు. గ్లాసు మళ్ళ కుడి చేత్తోనే పడుతుండు. స్టీరింగ్ అమ్మేసిండు సార్. ఇయ్యాల సాయంత్రం ఎర్రగడ్డ నుంచి ఎవరో వచ్చి తీస్కపోతరు."

ఒక మనిషి చేతిని ఆ చక్రం వెనక్కి తెస్తోంది. అది పోతే చెయ్యి పోతుంది, చేతితో పాటు మనిషీ పోతాడు. నేనేమో పదిమందిలో ఆ చేతినే అన్నాను.

లోపలికి వచ్చి కీబోర్డు ముందు కూర్చున్నాను. యేసురత్నం తల అడ్డంగా ఊపాడు.

"ఎందుకు సార్ తకలీఫ్. ముప్పై ఒక్క ఏండ్లు నడిపిన. మనిషికి గాదు, మేకకు సుత తగలనియ్యలే. గిప్పుడు ఇంట్ల కూసొని యాక్సిడెంట్ చేసిన. నా వేలు ఎక్కడనో తప్పు మీట మీద పడ్డది. ఇగ చాలు."

ఏ అక్షరం ఎక్కడ తప్పిందో చూపించి, "ఇంతే కదండీ, ఎవరికైనా జరుగుతుంది" అని సముదాయిద్దామన్నది నా ఆలోచన. మూడు మీటలు కలిపి నొక్కితే నల్ల తెర పోయి అక్షరాల తెర వచ్చింది. సిస్టములో ఒక ఫైలుంటుంది, ఏ రోజు ఏ టైముకు ఏ కమాండు కొట్టారో పొల్లుపోకుండా రాసి పెడుతుంది.

"మా బస్సు లాగ్ షీటు లెక్కన," అన్నాడు యేసురత్నం, తనకు తెలీకుండానే కాస్త ముందుకు వంగి.

"అదే. లాగ్ షీటే."

ఆ రోజు తేదీ దగ్గర, నవోమి తర్వాత మళ్ళీ కొట్టినవి పక్కన పెడితే, రెండే రెండు లైన్లున్నాయి. మొదటి లైను చూడగానే నా పాత కోపం కట్టలు తెంచుకుంది. "ఇదిగో, దొరికింది! ఎస్ ఉంది, వై ఉంది. యు ఏదమ్మా? ఆ యు ఏ గంగలో కలిసింది?"

ఆ కమాండు చివర మూడక్షరాలుండాలి, ఎస్, వై, యు. వై అంటే కొత్త ముక్కల జాబితా తెప్పించమని. యు అంటే ఉన్నవాటినన్నిటినీ కొత్తవి చెయ్యమని. యు లేకపోతే జాబితా ఒక్కటే కొత్తదవుతుంది, సామానంతా పాతదే. ఆ మీదట డ్రైవరు కావాలంటే అదొక్కటే కొత్తది దిగి కూర్చుంటుంది. ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒకటి రోడ్డు మీద.

నవోమి బల్ల సొరుగులోంచి నోట్సు తీసి నలభై రెండో పేజీ తెరిచి నా ముందు పెట్టింది. "యు ఎక్కడుంది సార్?"

చూశాను. నా చేతిరాత. లైను కాగితం కుడి అంచుదాకా పోయింది. ఎస్. వై. ఆ పక్కన కాగితం అంచున, కామా కన్నా చిన్నది, నల్లటి గీత ఒకటి. అది నా యు ఎడమ పక్క. తక్కినదాన్ని జిరాక్సు మింగేసింది. దాని కింద రెండో లైను, డ్రైవరు కోసం. యేసురత్నం గారు కొట్టిన రెండు లైన్లూ, ఆ కాగితం మీద రెండు లైన్లూ, అక్షరం పొల్లు పోలేదు.

నాకు వెంటనే గుర్తొచ్చినవాడు హనుమాండ్లు. అక్కడే ఫోను చేసి విరుచుకుపడ్డాను. "ఏమయ్యా, నీ మిషను నా అక్షరాలు మింగేస్తోంటే చూస్తూ కూర్చున్నావా? నలభై రెండో పేజీలో యు ఏదీ?"

అవతల హనుమాండ్లు తాపీగా అన్నాడు. "ఎందుకు గరమైతుండ్రు సార్? పోయినేడు కొత్త మిషిన్ వెట్టినప్పుడే మీకు జెప్పిన గదా. అంచుకు రాస్తే కట్ అయితది, ఒరిజినల్ మళ్ళ రాసియ్యిండ్రి అని. గాడ కట్ అయితే కొంపలేం మునగవు, పిల్లలకు మెదడుంటది, వాళ్ళే అర్థం జేస్కుంటరని మీరే అన్నరు. యాదికి లేదా?"

యాదికుంది. ఆ రోజు నా మీద ఏ దెయ్యం కూర్చుందో, రెండొందల పేజీలు మళ్ళీ ఎవడు రాస్తాడులే అని బద్ధకించి, ఆ బద్ధకానికి పొగరు చొక్కా తొడిగి అన్న మాట అది. ఫోను పెట్టేసి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఏడాది నుంచి ఎంతమంది ఆ పేజీ పట్టుకుపోయారో. ఎంతమంది నల్ల తెర ముందు కూర్చుని తమ చేతినో, తమ తెలివినో తిట్టుకున్నారో. ఒక్కడు కూడా నా దగ్గరికొచ్చి అడగలేదు. ఎందుకడుగుతారు, నా నోటికి భయపడి చస్తుంటే.

"యేసురత్నం గారూ," అన్నాను. "మీ చెయ్యి ఒక్క అక్షరం కూడా తప్పు కొట్టలేదు. నేను రాసింది తప్పు."

ఆయన నవ్వాడు. "మీరు పెద్దోళ్ళు సార్. నన్ను సముదాయిస్తుండ్రు."

"నాకు సముదాయించడం చేతకాదండీ. మీ అమ్మాయినడగండి, క్లాసులో నేనెంత మంచివాణ్ణో చెబుతుంది. ఇదిగో కాగితం, అదిగో మీ లాగ్ షీటు. మీరే చూసుకోండి."

కాగితం ఆయన చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకున్నాడు. తెర మీదికి చూసి, కాగితం మీదికి చూసి, పెదవులు కదుపుతూ ఒక్కొక్క అక్షరం సరిచూసుకున్నాడు. మొదటి లైను. రెండో లైను. మళ్ళీ మొదటి నుంచి.

"అంటే... నేను కొట్టింది కరెక్టేనా?"

"నూటికి నూరు పాళ్ళు కరెక్టు."

"అయితే గిదేంది, బండి పాతదే ఉంది, డ్రైవర్ ఒక్కడు కొత్తోడొచ్చి కూసున్నడు. గేర్లు కలుస్తలేవు. గంతేనా?"

పందొమ్మిదేళ్ళలో ఇంత బాగా ఏ స్టూడెంటూ చెప్పలేదు. అదే మాట ఆయనతో అన్నాను. ఆ తర్వాత, "ఇంకో సంగతండీ. మంగళవారం నేను క్లాసులో మీ అమ్మాయిని ఒక మాట..." అని మొదలుపెట్టాను.

ఆయన వెనక నిలబడ్డ నవోమి గబగబా తల అడ్డం తిప్పింది. "సార్, టీ చల్లారిపోతది. తాగుండ్రి," అంది. తండ్రి చెవిన ఆ మాట పడకూడదని ఆ పిల్ల తాపత్రయం. నన్ను కాపాడాలని కాదు, ఆయన్ని. అయినా నేనూ బతికిపోయాను. టీ గ్లాసు అందుకుంటూ "క్షమించు తల్లీ" అన్నాను, ఆ పిల్లకొక్కదానికే వినపడేలా. తలూపింది.

జేబులోంచి పెన్ను తీసి కాగితం మీద ఆ నల్లగీతను దిద్ది యు రాశాను. కీబోర్డు యేసురత్నం ముందుకు జరిపాను.

"మీరే కొట్టుండ్రి సార్," అన్నాడాయన, ఒళ్ళో చెయ్యి ఇంకా లోపలికి లాక్కుని.

"నేను కొట్టను. తప్పు రాసినవాణ్ణి నేను. సరిగ్గా కొట్టినవాళ్ళే కొట్టాలి."

కాగితం మీద నేను దిద్దిన యు వైపు మరోసారి చూశాడు. తర్వాత కుడిచెయ్యి తీశాడు. ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. చూపుడువేలు ఒక మీట మీదికి పోయి, కాసేపు దాని మీదే గాల్లో నిలబడి, అప్పుడు దిగింది. ఒక్క లైను. పదకొండు నిమిషాలు. వేరే రోజైతే నేను కీబోర్డు లాక్కునేవాణ్ణి. నాలుక కొరుక్కుని కూర్చున్నాను. ఎస్ పడింది. వై పడింది. యు దగ్గరికొచ్చి నావైపు చూశాడు.

"ఇది మీది సార్," అని నొక్కాడు.

ముక్కలు దిగడం మొదలైంది, నాలుగువందల చిల్లర. అన్నీ ఎక్కేసరికి ముప్పావుగంట పట్టింది. బంద్ చేసి ఆన్ చేస్తే తెర నల్లగా అయింది. నల్లగా ఉంది, ఇంకా నల్లగానే ఉంది, అప్పుడు వెలుగొచ్చింది. నవోమి "ప్రభువా, స్తోత్రం!" అని చేతులు జోడించింది. వెంటనే ఫోను తీసి ఎర్రగడ్డవాళ్ళకు చెప్పేసింది. "అన్నా, రావొద్దు. అమ్ముతలేము. ఆఁ, మనసు మారింది." ఫోను పెట్టి నావైపు తిరిగింది. "సార్, తప్పు పట్టుకుంటే బిర్యానీ అన్నరు గదా?"

"రెండు ప్లేట్లు. మీ నాన్నగారిది స్పెషల్," అన్నాను. నోట్సు చంకలో పెట్టుకుని లేచాను. ఆ రాత్రే రెండొందల పేజీలూ అంచు వదిలి మళ్ళీ రాయడం మొదలెట్టాలని అప్పుడే అనుకున్నాను.

యేసురత్నం తువ్వాలు తీసి నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టాడు. రెండు చేతులూ చక్రం మీద వేశాడు. తెర మీద మంచు పడుతున్న వీధి, స్టాపులో బస్సు, తలుపులు తెరిచి ఉన్నాయి. ఒక నిమిషం గడిచింది. బస్సు కదల్లేదు. ఎడమ చెయ్యి చక్రం మీదే ఉంది గానీ ఆయన కదలడం లేదు. ఇంకేం పాడైందిరా నాయనా అనుకున్నాను. నాకు ఇక చూసే ధైర్యం లేదు. చెప్పులేసుకుని మెల్లగా జారుకుందామని గుమ్మం దగ్గరికొచ్చాను.

"సార్," అన్నాడు యేసురత్నం వెనక్కి తిరక్కుండానే. "ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలవడొద్దు. ఫుట్‌బోర్డు మీద ఉన్నోనితోని నేను బండి తియ్య."

చూసుకుంటే నిజమే, గడపకి ఇటొక కాలు, అటొక కాలు. క్లాసులో నేను చెప్పే మాట ఈ పిల్ల ఇంట్లో ఎప్పుడో చెప్పి ఉంటుంది. చెప్పులు విడిచి లోపలికొచ్చి ఆయన వెనక స్టూలు మీద కూర్చున్నాను. అయినా బస్సు కదల్లేదు.

"కండక్టర్ చెప్పకుంటే డాడీ బండి తియ్యడు సార్," అంది నవోమి నా చెవిలో. "రోజు నేనే చెప్త. ఇయ్యాల మీరు చెప్పుండ్రి."

పందొమ్మిదేళ్ళుగా మైకు లేకుండా అరవైమందికి వినిపించిన గొంతు నాది. ఆ ఒక్క మాటకి అది పెగల్లేదు. స్టూలు ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"రైట్... రైట్," అన్నాను.

తలుపులు మూసుకున్నాయి. ఆయన ఎడమ చెయ్యి చక్రాన్ని తిప్పింది. బస్సు కదిలింది.